బెంగా, జబ్బా? కొత్తగా తెచ్చుకున్న పిల్లికూనలో చూడాల్సిన గుర్తులు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దొరికిన పిల్లికూనను ఇంటికి తెచ్చుకుని ఇవాళ్టికి నాలుగు రోజులు. నెలన్నర ఉంటుందని వాచ్‌మన్ అన్నాడు. మొదటి రెండు రోజులు పాలన్నం బాగానే తింది, ఆడుకుంది. నిన్నటి నుంచి సోఫా కింద నక్కి బయటికి రావడం లేదు. ఎడమ కంటికి పుసి కట్టింది, తుమ్ముతోంది, రెండుసార్లు పలచగా విరేచనం అయింది. పొట్ట మాత్రం గుండ్రంగానే ఉంది కాబట్టి ఆకలితో లేదనుకుంటున్నా. ఎత్తుకుంటే గుర్రుగుర్రుమంటోంది కూడా. ‘కొత్త చోటు కదా, బెంగ పెట్టుకుంది, రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది’ అంటోంది అమ్మ. మా ఇంట్లో ఇప్పటికే మూడేళ్ల పిల్లి ఒకటి ఉంది. ఇది బెంగేనా, జబ్బా? దేన్ని చూసి తెలుసుకోవాలి?
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం:

మీరు రాసినదాన్ని బట్టి ఇది బెంగ కాదు. రేపు పొద్దున్న ఆసుపత్రి తలుపు తీసేసరికి మీరు అక్కడ ఉండాలి. ఈలోగా బరువు, చిగుళ్లు, ఒంటి వేడి, ఊపిరి చూడండి. వాటిలో దేంట్లోనైనా కింద చెప్పిన తేడా కనబడితే రేపటిదాకా కూడా ఆగొద్దు.

బెంగ కాదని ఎందుకంటున్నామంటే, బెంగకు ఒక వరస ఉంటుంది. కొత్త ఇంటికి వచ్చిన కూన మొదటి రోజు, మహా అయితే రెండో రోజు దాక్కుంటుంది. అందరూ పడుకున్నాక మెల్లగా వచ్చి గిన్నె ఖాళీ చేస్తుంది, ఇసుక ట్రేలో పని కానిచ్చుకుంటుంది, ఒళ్లు నాక్కుంటుంది. మంచం కింద ఉన్నా చెవులు మాత్రం మీ అడుగుల చప్పుడు వైపు తిరుగుతూనే ఉంటాయి. రోజురోజుకీ ధైర్యం పెరుగుతుంది. మీ కూన ముందు తిని, ఆడి, మూడో రోజున నక్కింది. వరస తిరగబడిందంటే కారణం ఇల్లు కాదు, ఒంట్లోనే ఏదో ఉంది. పైగా వీధిలో అంటుకున్న వైరస్ బయటపడటానికి సాధారణంగా రెండు నుంచి పది రోజులు పడుతుంది. ఇంటికి వచ్చిన మూడో రోజో నాలుగో రోజో మొదలైన నలతను అందుకే తేలిగ్గా తీసుకోకూడదు.

గుర్రుగుర్రుమనడాన్ని లెక్కలోకి తీసుకోకండి. పిల్లులు హాయిగా ఉన్నప్పుడే కాదు, నొప్పితో ఉన్నప్పుడూ, చావుబతుకుల్లో ఉన్నప్పుడూ ఆ చప్పుడు చేస్తాయి. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది కూడా అంతే, దాంతో తేలేదేమీ లేదు. రోజుకు 18–20 గంటలు నిద్రపోవడం, నిద్రలో కాళ్లు కొట్టుకోవడం, ఎప్పుడో ఒక తుమ్ము, సాయంత్రం పూట పూనకం వచ్చినట్టు ఇల్లంతా పరుగెత్తడం – ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్న కూన చేసే పనులే.

ముందు బరువు. వంటింట్లో గ్రాముల్లో తూచే డిజిటల్ కాటా ఉంటే దాని మీద ఒక గిన్నె పెట్టి, సున్నాకు సరిచేసి, అందులో కూనను కూర్చోబెట్టండి. రోజూ ఒకే వేళకు, తిండి పెట్టకముందు తూచి రాసుకోండి. పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుండే కూన వారానికి ఇంచుమించు 100 గ్రాముల చొప్పున పెరుగుతుంది. రోజుకు 10–15 గ్రాములు. నెలన్నర పిల్ల 550–700 గ్రాముల మధ్య ఉండాలి. ఒక రోజంతా గడిచినా బరువు పెరగలేదంటే అనుమానించాలి, తగ్గిందంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. తుమ్ము, విరేచనం, నీరసం ఇవన్నీ కంటికి కనపడకముందే కాటా మీద తేడా కనపడుతుంది. ఏ మందుకైనా మోతాదు కట్టేది బరువును బట్టే కాబట్టి డాక్టరు మొదట అడిగేదీ ఆ అంకెనే.

మీ కాటా మీద 400 గ్రాములే వచ్చిందనుకోండి. వయసు నెలే అయ్యుండొచ్చు, లేదా నెలన్నర పిల్లే తిండిలేక చిక్కిపోయి ఉండొచ్చు. తేల్చేవి పళ్లు. ముందు పళ్లు రెండు మూడు వారాలకు, కోరలు మూడు నాలుగు వారాలకు వస్తాయి. కోరల వెనక చెంప పళ్లు నాలుగో వారం నుంచి మొదలై ఆరో వారానికి బాగా తెలుస్తాయి. పెదవి పక్కకు జరిపితే కోరలు తప్ప వెనక ఏమీ లేకపోతే అది నాలుగు వారాల పిల్ల. దానికి గట్టి తిండి ఒక్కటే చాలదు, పిల్లికూనల కోసం అమ్మే పాలపొడి కలిపి పట్టాల్సిందే. చెంప పళ్లు ఉండి 400 గ్రాములే ఉంటే చిక్కిపోయిందన్నమాట. అప్పుడు విషయం ఇంకా తొందరపడాల్సినది.

ఇప్పుడు తిండి. రెండు నెలల్లోపు కూన పన్నెండు గంటలు ఏమీ తినకపోతే ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పెద్ద పిల్లికి ఒక పూట మానినా నడుస్తుంది. ఆరువందల గ్రాముల ఒంట్లో దాచుకున్న కొవ్వుగానీ చక్కెరగానీ దాదాపు ఉండదు. తిండి ఆగిన కొన్ని గంటలకే రక్తంలో చక్కెర పడిపోతుంది, దాంతో ఒళ్లు చల్లబడుతుంది, చల్లబడ్డ పిల్ల అసలు తినలేదు. ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి వస్తుంది. ‘రెండు రోజులు చూద్దాం’ అన్న మాట కూనల విషయంలో పనికిరానిది అందుకే. అమ్మ పెద్ద పిల్లుల సంగతి మనసులో పెట్టుకుని చెప్పి ఉంటారు. వాటికైతే ఆ మాట కొంతవరకు సరే.

తింటోందో లేదో కళ్లతో అంచనా వేయకండి, ఇంట్లో మరో పిల్లి ఉన్నప్పుడు అసలే వద్దు. కూనను ఒక గదిలో విడిగా ఉంచి, 20 గ్రాములు తూచి పెట్టి, మిగిలింది మళ్లీ తూచండి. ఆ వయసు పిల్లకు రోజుకు ‘కిట్టెన్’ అని రాసున్న పొడి తిండి 30–35 గ్రాములు గోరువెచ్చని నీళ్లలో పదిహేను నిమిషాలు నానబెట్టి, నాలుగైదు సార్లుగా పెట్టాలి. లేదా 80–85 గ్రాముల తడి తిండి పౌచ్‌లు దాదాపు రెండు.

పాలన్నం ఇవాళ్టితో ఆపేయండి. తల్లిపాలు మానే కొద్దీ కూన పేగుల్లో ఆవుపాలలోని, గేదెపాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది. అరగని చక్కెర పేగులోకి నీటిని లాగుతుంది, విరేచనం పలచబడుతుంది. మీ కూన విరేచనాలకు ఇదొక్కటే కారణం కావచ్చు కూడా, కానీ అలాగని ఊరుకోలేం. పెరుగన్నం కొంత మేలే అయినా అదీ తిండి కాదు. పిల్లికి టారిన్ అనే పదార్థం మాంసం, చేపల నుంచే రావాలి, సొంతంగా సరిపడా తయారు చేసుకోలేదు. అది నెలల తరబడి అందకపోతే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. శాకాహారుల ఇళ్లలో పిల్లిని పెంచాలనుకుంటే కనీసం డబ్బా తిండి కొనక తప్పదు. దీనికి దగ్గరదారి లేదు. అటువైపు మరో పొరపాటూ ఉంది. ఎముకల్లేని చికెన్ ముక్కలు మాత్రమే పెట్టి పెంచితే కాల్షియం చాలక ఒకటి రెండు నెలల్లో కూన కుంటడం మొదలెడుతుంది, సోఫా మీంచి దూకినా ఎముక విరుగుతుంది. ఇక మన కూరలో ముక్కయితే ఉల్లి, వెల్లుల్లి తగిలి ఉంటాయి. అవి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి.

చిగుళ్లు చూడటానికి వెలుతురులోకి తెచ్చి పై పెదవిని కొద్దిగా ఎత్తండి. లేత గులాబీ రంగులో, వేలు పెడితే జారేంత తడిగా ఉండాలి. వేలితో ఒక్క క్షణం నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటుకు రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. వేలికి జిగటగా అతుక్కుంటుంటే ఒంట్లో నీరు తగ్గిందని. మెడ మీద చర్మం లాగి చూసే పద్ధతి ఇంత చిన్న పిల్లల్లో నమ్మదగ్గది కాదు. దానికన్నా మూత్రం చూడండి. కూన మూత్రం దాదాపు నీళ్లలా ఉండాలి, ముదురు పసుపు ఉంటే నీరు చాలడం లేదు. చిగుళ్లు తెల్లకాగితంలా పాలిపోయి ఉంటే రక్తం తగ్గిపోయింది. పచ్చగా ఉంటే కామెర్లు. నీలంగానో బూడిద రంగుగానో ఉంటే ఊపిరి అందడం లేదు, గంటలు కాదు నిమిషాలు లెక్కపెట్టుకోవాలి.

పాలిపోయిన చిగుళ్లు కనిపిస్తే ముందు బొచ్చు వెతకండి. వీధి కూనల్లో రక్తం తగ్గడానికి చాలాసార్లు కారణం ఫ్లీస్ అనే ఎగిరే పేలు. పెద్ద పిల్లికి దురద మాత్రమే తెచ్చే ఈ పురుగులు అరకిలో కూనను రక్తం పీల్చి చంపేయగలవు. పురుగు చేతికి చిక్కకపోయినా తోక మొదట్లో, మెడ కింద నల్లటి నలకలు దొరుకుతాయి. వాటిని తడి తెల్ల దూది మీద రాల్చి చూడండి. మట్టయితే అలాగే ఉంటుంది. పేల మలమైతే చుట్టూ ఎర్రగోధుమ రంగు దిగుతుంది, అది కూన రక్తమే. సన్న పళ్ల పేలదువ్వెనతో దువ్వి, దొరికినవాటిని గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లలో వేయండి. నీరసంగా ఉన్న పిల్లకు స్నానం చేయించవద్దు, ఒళ్లు చల్లబడిపోతుంది. కుక్కల పేలకు వాడే పౌడరు, వీపు మీద వేసే చుక్కలు, పశువుల గోమార్లకు నీళ్లలో కలిపే మందు – ఇవేవీ దగ్గరికి రానీయొద్దు. వాటిలో ఉండే పర్మెత్రిన్ జాతి మందులను పిల్లి కాలేయం విరిచేయలేదు. కొన్ని గంటల్లో ఒళ్లంతా వణుకు, ఫిట్స్ వస్తాయి. కుక్కకు పడింది కదా, సగం వేస్తే పిల్లికి సరిపోతుందన్న లెక్క చాలా ఇళ్లలో కూనల ప్రాణం తీసింది.

ఒంటి వేడి తెలియాలంటే థర్మామీటరు పెట్టాల్సిందే, చెవులు పట్టుకుని చూస్తే తెలియదు. మెడికల్ షాపులో దొరికే మెత్తటి కొన ఉన్న డిజిటల్‌ది కొని, దాని మీద ‘పిల్లి’ అని రాసి విడిగా పెట్టుకోండి. కొనకు వ్యాజిలిన్ రాసి, ఇంకొకరు కూనను తువ్వాలులో చుట్టి పట్టుకోగా, తోక ఎత్తి మలద్వారంలోకి ఒక సెంటీమీటరు, అంతకు మించకుండా, బలవంతం చేయకుండా పెట్టండి. నెలన్నర పిల్లకు 100 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు. 103 దాటితే జ్వరం, 104 దాటితే వెంటనే డాక్టరు.

అయితే జ్వరం కన్నా భయపడాల్సింది చల్లదనానికి. 99 కన్నా కిందికి దిగితే కూన మునిగిపోతోందని అర్థం. ఇక్కడే ఇళ్లలో పెద్ద తప్పు జరుగుతుంది: నీరసంగా ఉంది కదాని నోట్లో పాలు పోస్తారు. చల్లబడ్డ పిల్లకు పేగులు కదలవు, మింగడమూ సరిగ్గా రాదు. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అవుతుంది. ముందు వెచ్చబెట్టండి. సీసాలో వేడినీళ్లు పోసి, రెండు మడతల తువ్వాలు చుట్టి, కూన పక్కన ఉంచండి. కావాలనుకుంటే పక్కకు జరగడానికి చోటుండాలి. ఎలక్ట్రిక్ హీటింగ్ ప్యాడ్ మీద నేరుగా పడుకోబెడితే కాలుతుంది. గంట రెండు గంటల్లో మెల్లగా వేడెక్కాలి, హెయిర్ డ్రయర్ పెట్టి ఐదు నిమిషాల్లో కాదు. ఈలోగా వేలికి చిక్కటి గ్లూకోజ్ నీళ్లు అద్దుకుని చిగుళ్లకు రాయొచ్చు, అది మింగే అవసరం లేకుండానే కొంత లోపలికి వెళ్తుంది. దారిలోనైనా సరే, ఇవి చేస్తూనే ఆసుపత్రికి బయల్దేరాలి.

ఊపిరిని కూన నిద్రలో ఉన్నప్పుడు లెక్కపెట్టండి. డొక్క ఒకసారి లేచి పడితే ఒకటి. ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. నిద్రలో నిమిషానికి 40 దాటితే బాగోలేనట్టే. నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ చాచి మోచేతులు దూరంగా పెట్టి కూర్చోవడం, డొక్కలు ఎగరేయడం – వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా బయల్దేరండి. కుక్కలా పిల్లి ఊరికే రొప్పదు. ఒక పది సెకన్ల వీడియో తీసి పెట్టుకుంటే డాక్టరుకు చాలా ఉపయోగం, ఆసుపత్రి బల్ల మీద భయంతో అది వేరేలా ఊపిరి తీస్తుంది.

తుమ్ములు, పుసి గురించి. రెండూ కలిసి ఉన్నాయంటే ఎక్కువగా హెర్పిస్, కాలిసి అనే రెండు వైరస్‌లలో ఏదో ఒకటి. మనుషుల జలుబుతో దీనికి సంబంధం లేదు, మీకు అంటదు. ముక్కు నుంచి నీరు కారినంతవరకు కొంత నయం, పచ్చగా చిక్కబడితే బ్యాక్టీరియా తోడైందని. నాలుక మీద పుండ్లు, చొంగ కారడం కాలిసిలో ఎక్కువ. జలుబుతో కూన చావదు, జలుబు వల్ల తిండి మానేసి చస్తుంది. పిల్లి వాసన చూశాకే తింటుంది, ముక్కు మూసుకుపోతే గిన్నెలో ఏముందో దానికి తెలియదు. అందుకే ముక్కు తుడిచి, తిండిని గోరువెచ్చగా చేసి, ఉప్పు కారం లేని చేపల ఉడుకునీళ్లు కొంచెం కలిపి పెట్టాలి. వేడినీళ్లు వదిలిన బాత్‌రూంలో ఆవిరి మధ్య మీరు ఒళ్లో పెట్టుకుని పది నిమిషాలు కూర్చోవడం మంచిదే. విక్స్, కర్పూరం, యూకలిప్టస్ నూనె, సాంబ్రాణి పొగ మాత్రం వద్దు.

కంటికి మెడికల్ షాపులో దొరికే సెలైన్, లేదా కాచి చల్లార్చిన పావు లీటరు నీళ్లలో అర టీస్పూను ఉప్పు కలిపింది చాలు. దూదిని ముంచి మూసుకున్న రెప్ప మీద ఒక నిమిషం ఆనించి ఉంచండి, పుసి నాని వదులుతుంది. ముక్కు వైపు నుంచి బయటికి తుడవండి. ఎండిపోయిన పుసిని గోటితో లాగితే రెప్ప వెంట్రుకలూ చర్మమూ వస్తాయి. ఒక్కో కంటికి ఒక్కో దూది. రోజుకు మూడు నాలుగుసార్లు. ఇంట్లో మిగిలిపోయిన కంటి చుక్కల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. హెర్పిస్ వల్ల కనుగుడ్డు మీద పుండు పడి ఉంటే ఆ చుక్కలతో అది లోతుకు దిగి కన్నే పోతుంది. తెరిచిన కన్ను మబ్బుగా నీలంగా కనబడినా, కూన కన్ను గట్టిగా మూసుకుని తెరవకపోయినా పుండు ఉందనే అనుకుని వెళ్లండి. కంటి లోపలి మూల నుంచి తెల్లటి పొర, అంటే మూడో రెప్ప, రెండు కళ్లలోనూ సగం దాకా వచ్చి ఆగిందంటే అది కంటి జబ్బుకన్నా ఒంట్లో నలతకే గుర్తు.

మీరు ధైర్యపడిన ఆ గుండ్రటి పొట్ట దగ్గరికి వద్దాం. వెన్ను మీద వేలు పెట్టి జరపండి. వెన్నుపూసలు, పక్కటెముకలు పొడుచుకుని తగులుతూ పొట్ట ఒక్కటే ఉబ్బి ఉంటే అది తిండి కాదు, చాలావరకు ఏలికపాములు. తల్లి పాల నుంచే కూనకు వస్తాయి కాబట్టి వీధి కూనల్లో దాదాపు అన్నింటికీ ఉంటాయనే అనుకోవాలి. ఉడికిన సేమ్యాలా తెల్లగా, చివర్లు సన్నగా, ఒక్కోసారి వాంతిలో కూడా బతికే పడతాయి. మలద్వారం చుట్టూ బియ్యపు గింజల్లా కదిలేవి బద్దె పురుగు ముక్కలు. అవి ఫ్లీస్‌ను మింగడం వల్ల వస్తాయి, పేలు పోకుండా పురుగు మందు ఒక్కటే వేస్తే మళ్లీ వస్తాయి. ఏలికపాములకు పైరంటెల్ మందు రెండు వారాల వయసు నుంచే ఇవ్వొచ్చు. రెండు వారాలకోసారి చొప్పున రెండు నెలలు వచ్చేదాకా, తర్వాత ఆరు నెలల వయసు దాకా నెలకోసారి ఇస్తారు. మోతాదు డాక్టరు తూచి చెప్పాల్సిందే. పిల్లల కోసం ఇంట్లో ఉంచుకున్న పురుగుల సిరప్‌ను అంచనాగా పోయకండి. పొట్ట నీటి తిత్తిలా ఊగుతూ, జ్వరం మందులకు తగ్గకుండా రోజుల తరబడి ఉంటే ఎఫ్‌ఐపీ అనే జబ్బును అనుమానిస్తారు. కొన్నేళ్ల క్రితం దాకా దానికి మందు లేదు, ఇప్పుడు ఉంది.

విరేచనంలో ఎన్నిసార్లు అన్నదానికన్నా ఎలా ఉందన్నది ముఖ్యం. తిండి మారినందుకు ఒకటి రెండుసార్లు పలచగా వెళ్లి, కూన మాత్రం చురుగ్గా తింటుంటే ఒక రోజు చూడొచ్చు. నీళ్లలా ఉన్నా, రక్తపు చారలున్నా, జిగురు పడినా, చాలా దుర్వాసన ఉన్నా కాక్సిడియా, జియార్డియా వంటి సూక్ష్మజీవులు కారణం కావచ్చు. అవి కంటికి కనపడవు, మైక్రోస్కోపు కింద చూస్తేనే తేలుతుంది. కాబట్టి పొద్దున వెళ్లిన విరేచనాన్ని ఒక చెంచాడు చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూతపెట్టి తీసుకెళ్లండి. డాక్టరు దగ్గరికి చేరేలోపు, కూన వెచ్చగా ఉండి మింగగలుగుతుంటే, మామూలు ఓఆర్‌ఎస్ నీళ్లు సూది తీసేసిన సిరంజితో గంటకు 3–5 మిల్లీలీటర్లు పట్టొచ్చు. పొట్ట కిందికి ఉండేలా కూర్చోబెట్టి, నోటి పక్కనుంచి, ఒక్కో చుక్కగా. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

ఇక అసలు భయమంతా పాన్‌ల్యూకోపీనియా గురించే. టీకా లేని కూనల్లో ఒక్క రోజులో తలకిందులు చేసే జబ్బు ఇదే. మొదట జ్వరం, మందగింపు, తిండి మీద వెగటు. తర్వాత పసుపు నురగ వాంతులు. నీళ్ల గిన్నె మీద తల వాల్చి కూర్చుంటుంది గానీ తాగదు, ఈ భంగిమ ఒకసారి చూస్తే మరిచిపోరు. విరేచనాలు తర్వాత రావొచ్చు, కొన్నిసార్లు అవి మొదలయ్యేలోపే ప్రాణం పోతుంది. చివరి దశలో జ్వరం పోయి ఒళ్లు చల్లబడుతుంది, చూసేవారు తగ్గిందనుకుంటారు. తెల్లరక్తకణాలు అట్టడుగుకు పడిపోవడం దీని గుర్తు. చిన్న రక్త పరీక్షలో తెలుస్తుంది. కుక్కల పార్వో పరీక్ష కిట్‌తోనే మలంలో దీన్ని పట్టుకోవచ్చు. ఊళ్లో పిల్లులకు ప్రత్యేక కిట్ లేదన్నారంటే ఈ మాట డాక్టరుకు గుర్తు చేయండి. వైరస్‌ను చంపే మందు లేదు, కానీ సెలైన్, వాంతులు ఆపే ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్‌లతో మొదటి రోజే మొదలుపెడితే బతికే కూనలున్నాయి. మీ కూనకు వాంతుల సంగతి మీరు రాయలేదు. ఇవాళ ఒక్కసారి పసుపు వాంతి అయినా రేపటిదాకా ఆగకండి.

ఈలోగా మందుల డబ్బా జోలికి వెళ్లొద్దు. జ్వరమని పారాసిటమాల్ వేస్తే సగం మాత్రతోనే కూన పోతుంది. చిగుళ్లు గోధుమరంగుకు తిరిగి, మొహం, పాదాలు వాస్తాయి. మనుషుల విరేచనాల మాత్రలు, మిగిలిన యాంటీబయాటిక్‌లు కూడా వద్దు. నేల తుడిచే ఫినాయిల్‌ను కొన్నాళ్లు ఆపండి. దాని మీద నడిచి పాదాలు నాక్కుంటే నోట్లో పుండ్లు పడతాయి, చొంగ కారుతుంది. జబ్బేమో అని మందులు వాడుతూ ఉంటారు, కారణం మాత్రం బకెట్‌లో ఉంటుంది. పైగా ఫినాయిల్ పాన్‌ల్యూకోపీనియా వైరస్‌ను చంపదు. దానికి బ్లీచ్ కావాలి. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్నది లీటరు నీళ్లకు 30 మిల్లీలీటర్లు. ముందు మురికిని సబ్బుతో కడిగేసి, బ్లీచ్ నీళ్లు పది నిమిషాలు తడిగా నిలిపి, తర్వాత మంచినీళ్లతో తుడిచి ఆరనివ్వండి. టాయిలెట్ యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు. ఆ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతకగలదు.

ఆసుపత్రికి మూత ఉన్న బుట్టలో, అడుగున పాత తువ్వాలు వేసి తీసుకెళ్లండి. కూరగాయల ప్లాస్టిక్ బుట్టలు రెండు ఒకదాని మీద ఒకటి బోర్లించి తాడుతో కట్టినా సరే. స్కూటరు మీద చేత్తో పట్టుకుని వెళ్తే హారన్‌కు బెదిరి దూకేస్తుంది. దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో పిల్లులను చూసే డాక్టరు ఉన్నారో లేదో ముందే ఫోన్ చేసి అడగండి. మీకు గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి అందుబాటు దూరంలోనే ఉంది. ఓపీ వేళలు కనుక్కుని వెళ్లండి. ఒక కాగితం మీద దొరికిన రోజు, రోజువారీ బరువు, ఒంటి వేడి, ఆఖరిసారి తిన్న వేళ, ఎంత తిన్నది, విరేచనాలు ఎన్ని, ఇంట్లో ఏమైనా మందు వేశారా అన్నది రాసి ఇవ్వండి. ‘రెండ్రోజుల నుంచి డల్‌గా ఉంది’ అన్న మాటకన్నా డాక్టరుకు అది పదింతలు పనికొస్తుంది.

ఇంటికొచ్చాక చెవుల్లో కాఫీపొడిలాంటి నల్లటి మురికి, తల విదిలించడం ఉంటే చెవి గజ్జి. చెవుల మీద, మూతి మీద గుండ్రంగా బొచ్చు రాలి పొట్టు లేస్తుంటే తామర. ఈ రెండూ ప్రాణం మీదికి తెచ్చేవి కావు, డాక్టరుకు చూపించి వారాల్లో తగ్గించుకోవచ్చు. తామర మాత్రం మనుషులకూ అంటుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే తేలేదాకా ఒళ్లో పెట్టుకోనివ్వకండి.

రక్తం వచ్చేలా గీరినా, పన్ను దిగినా, అది వీధి కూన అన్న సంగతి మరవకుండా గాయాన్ని పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోండి. కూన చిన్నది కదాని ఆగొద్దు.

మీ పెద్ద పిల్లి విషయం. రెండింటినీ ఇవాళే విడదీయండి. వేరే గది, వేరే గిన్నెలు, వేరే ఇసుక ట్రే. ముందు పెద్దదానికి పెట్టి, తర్వాత కూన పని చూసుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, కూన గదిలో వేసుకున్న చొక్కా మార్చుకుని బయటికి రండి. పెద్దదానికి త్రీ-ఇన్-వన్ టీకా, అంటే పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, కాలిసి మూడింటికీ కలిపి వేసేది, పూర్తయి ఉంటే పెద్ద ప్రమాదం లేదు. లేకపోతే రేపు డాక్టరుతో దాని సంగతీ మాట్లాడండి. కూన పూర్తిగా కోలుకుని, రెండు వారాలు ఏ కొత్త గుర్తూ లేకుండా గడిచి, పురుగుల మందు, పేల మందు పడ్డాకే రెండింటినీ కలపాలి. జ్వరంగా ఉన్నప్పుడు టీకా వేయరు. తగ్గాక మొదటి త్రీ-ఇన్-వన్ వేయించి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున నాలుగు నెలల వయసు దాకా మళ్లీ వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక.